రాడారుకు చిక్కని విమానం

సింహాచలం. సాయంత్రం వేళ. అప్పలనరసమ్మ పూలు కడుతోంది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి. ఇక బడి మానిపించమని ఇంట్లో పెద్దలు అంటున్నారు.

విమానం ఒకటి రొద చేస్తూ పోయింది.

"ఏటి రత్నం, కనపడని విమానాలు ఉన్నాయట. నిజమేనా?"

"కంటికి కనపడతాయి పిన్నీ. రాడారుకే సరిగా కనపడవు."

రాడారు అంటే ఏమిటి? కొండ ఎదుట కేక వేస్తే తిరిగి వినిపిస్తుంది కదా! రాడారూ అంతే. అది రేడియో తరంగాలను పంపుతుంది. అవి విమానానికి తగిలి తిరిగి వస్తాయి. అలా విమానం జాడ తెలుస్తుంది.

స్టెల్త్ విమానం ఆకారం వేరు. అది తరంగాలను పక్కలకు చెదరగొడుతుంది. పైపూత కొన్నిటిని పీల్చుకుంటుంది. తిరిగి వెళ్లేవి చాలా తక్కువ.

అమెరికా వారి ఎఫ్-117 స్టెల్త్ విమానం 1981 జూన్ 18న మొదటిసారి ఎగిరింది. ఏడేళ్లు దాన్ని రహస్యంగా ఉంచారు. అయినా 1999లో సెర్బియాలో ఒకదాన్ని కూల్చారు.

"కొత్త విమానం ఎక్కడానికి భయం వేయదా?"

"ముందు నేల మీద ఎన్నో పరీక్షలు చేస్తారు. మన తేజస్ స్టెల్త్ విమానం కాదు. అది 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. రాజీవ్ కొథియాల్ నడిపి, క్షేమంగా దించారు."

"ఆడవాళ్లు నడుపుతారా?"

"ఎందుకు నడపరు? 2025 జూలై 3న మన విశాఖలోనే, ఐ.ఎన్.ఎస్. డేగలో, ఆస్థా పూనియా రెక్కల బ్యాడ్జీ అందుకుంది. నౌకాదళ యుద్ధ విమానాల విభాగానికి ఎంపికైన మొదటి మహిళ ఆమే."

అప్పలనరసమ్మ దండ పక్కన పెట్టింది.

"మా పిల్ల రేపూ బడికి వెళ్తాది. ఇంట్లో నేనే చెప్తాను" అంది.

రాడారు ఎలా పని చేస్తుంది? మీ మాటల్లో చెప్పండి.
మీ ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లలు ఉన్నారా? మీరు ఏం చేయగలరు?