రాజీనామాకు తొందర పడొద్దు

డిమెన్షియా అని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్ల నోట వచ్చే మొదటి మాట, "ఇక ఉద్యోగం చాలు, ఇంటిపట్టున ఉండండి" అని. ప్రేమతోనే అంటారు. కానీ యాభైల్లో, ఇంకా సర్వీసు మిగిలుండగానే ఈ జబ్బు బయటపడితే ఆ సలహా ఖరీదైనది. ఆస్ట్రేలియాలో కేట్ స్వాఫర్‌కు యాభై నిండకముందే డిమెన్షియా అని తేలింది. పని మానేయమన్నారు, చదువూ మానేయమన్నారు. చదువు విషయంలో ఆవిడ వినలేదు. అది పూర్తిచేసి, 2014లో డిమెన్షియా ఉన్నవాళ్లే నడుపుకునే అంతర్జాతీయ సంఘం స్థాపకుల్లో ఒకరయ్యారు.

ముందు రోగం సంగతి రూఢి చేసుకోండి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్ కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి చికిత్స ఉంది. ఆ పరీక్షలు అయ్యాయా అని న్యూరాలజిస్టును అడగడానికి మొహమాటమెందుకు?

ఇక ఉద్యోగం. ప్రభుత్వోద్యోగికి రాజీనామా వేరు, స్వచ్ఛంద విరమణ వేరు. రాజీనామా ఇస్తే మామూలుగా పాత సర్వీసంతా పెన్షన్ లెక్కలోంచి పోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. చట్టంలోని వైకల్యాల జాబితాలో డిమెన్షియా పేరు లేదు. అయితే మానసిక అనారోగ్యానికి అది ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు అడగాల్సింది దీని గురించే. ప్రైవేటువాళ్లకు ఈ సెక్షన్ రక్షణ లేదు. కానీ జబ్బు వల్ల పని చేయలేక మానేస్తే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన అడ్డురాదు. కంపెనీ బీమా ఎన్నాళ్లు ఉంటుందో కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

ఆఫీసంతా చాటక్కర్లేదు. పై అధికారికి, నమ్మకమైన ఒక సహోద్యోగికి చెబితే చాలు. నోటిమాటగా ఇచ్చే పనిని మెయిల్లో పెట్టమనండి. తల పాదరసంలా ఉండే వేళలో కష్టమైన పని పెట్టుకోండి, ఒకేసారి రెండు వద్దు. లెక్కలు, ఉత్తరాలు పంపేముందు ఇంకొకరు చూడాలి. ఇంగ్లండ్‌లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) ఉద్యోగిని వెండీ మిచెల్‌కు 2014లో ఈ జబ్బు తేలింది. మాట్లాడటం కంటే టైపు చేయడమే ఆవిడకు తేలికయింది. మీకూ అలాగే ఉంటే మీటింగులో నోరు పెగల్లేదని బాధపడక, తర్వాత రాసి పంపండి. డ్రైవింగ్, యంత్రాలు, మందులు ఇచ్చే పని, నగదు కౌంటరు మాత్రం వెంటనే వదిలేయాలి. ఇక్కడ పట్టుదలకు పోవద్దు.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పవర్ ఆఫ్ అటార్నీ రాసేస్తే అంతా అయిపోయిందనుకుంటారు. రాసిచ్చినవారి మతి స్థిమితం తప్పిన నాడే అది చెల్లకుండా పోతుందని 1872 కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. అంటే సరిగ్గా అవసరమైన రోజున పనికిరాదు! అందుకే తెలివి స్థిరంగా ఉన్నప్పుడే వీలునామా రాయండి, ఖాతాలు భార్యాభర్తల్లో ఎవరైనా నడిపేలా ఉమ్మడివి చేసుకోండి, నామినీలు సరిచూడండి. మానసిక అనారోగ్యానికి చేసే వైద్యం విషయంలో మీ ఇష్టాలను ముందుగానే రాసిపెట్టుకోవడానికి, మీ తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వీలిస్తోంది.

మనసు కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో చూసుకునేవాళ్లు కూడా ఆ నంబరు దగ్గర పెట్టుకోవచ్చు.