ఆర్‌వీ క్యాంపింగ్‌కి జనరేటర్ కొంటున్నారా? బాక్స్ మీది నంబర్ నమ్మే ముందు ఈ లెక్క వేసుకోండి

అమెరికాలో ఉంటున్న మన వాళ్లలో ఆర్‌వీ ట్రిప్పులకి వెళ్లే వాళ్లు చాలామందే ఉన్నారు. కరెంట్, నీళ్ల కనెక్షన్ ఉన్న సైట్ దొరికితే ఏ గొడవా లేదు. కానీ నేషనల్ పార్కుల లోపల చాలా క్యాంప్‌గ్రౌండ్లలో కరెంట్ ఉండదు. అక్కడ మనకు దిక్కు పోర్టబుల్ జనరేటరే. ఏది కొనాలి, ఎంత వాట్లు కావాలి? పోయిన వేసవిలో నేను చేసిన తప్పుల నుంచే మొదలుపెడతాను.

మాది చిన్న ట్రావెల్ ట్రైలర్. పైన 13,500 బీటీయూ ఏసీ, దానికి సాఫ్ట్ స్టార్టర్ పెట్టించాను. బాక్స్ మీద 2,200 వాట్లు అని రాసి ఉన్న ఇన్వర్టర్ జనరేటర్ కొన్నాను. డల్లాస్‌లో ఇంటి ముందు టెస్ట్ చేస్తే ఏసీ చక్కగా నడిచింది. అదే జనరేటర్ గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లోని మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు నిమిషాలకే ఓవర్‌లోడ్ లైట్ వెలిగించి చేతులెత్తేసింది. మెషీన్‌లో ఏ లోపమూ లేదు. నేను లెక్క వేసుకోకపోవడమే తప్పు.

స్టార్టింగ్ వాట్స్, రన్నింగ్ వాట్స్

ఊళ్లో బోరు మోటార్ వేయగానే బల్బులు ఒక్క క్షణం డిమ్ అవడం చూసే ఉంటారు. మోటార్ ఉన్న ఏ వస్తువైనా మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంట్ లాగుతుంది. 13,500 బీటీయూ ఏసీ నడిచేటప్పుడు సుమారు 1,300 నుంచి 1,500 వాట్లు తీసుకుంటుంది. సాఫ్ట్ స్టార్టర్ లేకపోతే స్టార్ట్ అయ్యే క్షణంలో 3,000 వాట్ల దాకా అడగొచ్చు.

బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ కొద్ది క్షణాలకి ఇవ్వగలిగే పవర్. నిలకడగా ఇచ్చేది తక్కువ. ఉదాహరణకి అందరికీ తెలిసిన హోండా ఈయూ2200ఐ తీసుకుంటే, మ్యాక్సిమమ్ 2,200 వాట్లు, రేటెడ్ 1,800 వాట్లు. నాది వేరే కంపెనీది కానీ అంకెలు దాదాపు ఇవే. కొనేటప్పుడు చూడాల్సింది రెండో అంకె.

ఎత్తు పెరిగితే పవర్ తగ్గుతుంది

నేను పూర్తిగా మర్చిపోయిన పాయింట్ ఇది. ఎత్తులో గాలి పలచగా ఉంటుంది, ఇంజిన్‌కి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ప్రతి 1,000 అడుగులకి సుమారు 3.5 శాతం పవర్ పోతుందని లెక్క. సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. అంటే సుమారు 24 శాతం కట్. నా 1,800 వాట్లు అక్కడ 1,360 దగ్గరికి వచ్చేశాయి. ఏసీతో పాటు బ్యాటరీ చార్జర్ కూడా నడుస్తోంది. ఇక ఎక్కడ సరిపోతుంది?

అందుకే మీరు వెళ్లే చోట్లలో అన్నిటికంటే ఎత్తైన దాన్ని పట్టుకుని లెక్క వేయండి. ఏసీ తప్పనిసరి అనుకుంటే 3,000 పైన రన్నింగ్ వాట్లు ఉన్నది తీసుకోండి. లేదా 2,200 వాట్లవి రెండు ప్యారలల్ కిట్‌తో కలపండి. ఒక్కోటి 20 కిలోల పైచిలుకే కాబట్టి ఎత్తి దించడం కూడా తేలిక. ఇంకో మాట, 1,000 వాట్ల మైక్రోవేవ్ నిజానికి 1,500 వాట్ల వరకు లాగుతుంది. ఏసీ, మైక్రోవేవ్ ఒకేసారి వద్దు.

సౌండ్, పెట్రోల్

మామూలు ఓపెన్ ఫ్రేమ్ జనరేటర్ చవకే, కానీ లోడ్ ఉన్నా లేకపోయినా ఇంజిన్ ఒకే స్పీడ్‌లో తిరుగుతుంది. ఇన్వర్టర్ మోడల్‌లో లోడ్ తగ్గితే స్పీడ్ తగ్గుతుంది, పెట్రోల్ మిగులుతుంది, ల్యాప్‌టాప్‌లకి కూడా శుభ్రమైన కరెంట్ వస్తుంది. పైన చెప్పిన హోండా ట్యాంక్ ఒక గాలన్ కంటే కాస్త తక్కువ. ఫుల్ రేటెడ్ లోడ్ మీద 3.2 గంటలు, పావు లోడ్ మీద 8.1 గంటలు వస్తుందని కంపెనీ చెబుతోంది.

నేషనల్ పార్కుల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని రూల్ ఉంది. జనరేటర్ వేసుకునే టైమింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌ని బట్టి మారతాయి. బుకింగ్ అప్పుడే చూసుకోండి.

సర్జ్ ప్రొటెక్టర్ ఎర్రర్ చూపిస్తే

చాలా ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్, గ్రౌండ్ లోపల కలిసి ఉండవు. దాంతో కొన్ని ఆర్‌వీ సర్జ్ ప్రొటెక్టర్లు ఓపెన్ గ్రౌండ్ అని ఎర్రర్ చూపించి కరెంట్ ఆపేస్తాయి. జనరేటర్ పాడైందని కంగారు పడొద్దు. న్యూట్రల్ బాండింగ్ ప్లగ్ అని దొరుకుతుంది. మాన్యువల్ చూసి, అవసరమైతే అది వాడండి.

అన్నిటికంటే ముఖ్యం: పొగ

రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. తడిసిపోతుందని జనరేటర్‌ని తెచ్చి ట్రైలర్ ఆనింగ్ కింద, కిటికీ పక్కన పెట్టాను. బ్యాటరీ చార్జ్ అయితే చాలనుకున్నా. అరగంట తర్వాత, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య గారు "తల బరువుగా ఉంది బాబూ, ప్రయాణం బడలికేమో" అన్నారు. ఆవిడ మాట పూర్తయ్యేలోపే లోపలి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. అందర్నీ వానలోకే బయటికి తెచ్చి జనరేటర్ ఆపేశాను. కాసేపటికి ఆవిడ కుదుటపడ్డారు. ఆ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. అలారం లేకపోతే మేమూ బడలికే అనుకుని పడుకునేవాళ్లం.

జనరేటర్‌ని కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ ఆర్‌వీ వైపు, పక్క టెంట్ల వైపు తిరగకుండా పెట్టండి. వానొస్తే ఆపేయండి, లేదా దూరంలోనే, జనరేటర్ కోసమే చేసిన ఓపెన్ కవర్ కింద నడపండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే సెన్సర్ ఉన్న మోడల్ కొనండి. కానీ ఆ సెన్సర్ ఉండేది బయట, మనం పడుకునేది లోపల. ఆర్‌వీ లోపలి అలారాన్ని ప్రతి ట్రిప్‌కి ముందు టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

నా ఫైనల్ మాట

లైట్లు, ఫోన్లు, బ్యాటరీ చార్జింగ్ వరకే అయితే 2,200 వాట్లది ఒకటి చాలు. ఏసీ కావాలి, కొండల్లోకి వెళ్తాం అంటే రెండు కలపండి లేదా పెద్దది కొనండి. నేను ఈ ఏడాది రెండోది కొన్నాను. దాంతోపాటు 30 అడుగుల పవర్ కేబుల్ కూడా. నిజం చెప్పాలంటే ముందు కొన్నది కేబులే.