నేల కింద గట్లు లేవు

మన జంపని కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు కాలువల మీదుగా మన చేలకు వస్తుంది. కాలువ నీరు అందరికీ కనిపిస్తుంది. ఎవరు తూము ఎత్తారో, ఎవరు గండి కొట్టారో ఊరంతటికీ తెలుస్తుంది. నేల కింది నీరు అలా కాదు. అది కంటికి కనపడదు. అందుకే "నా చేలో బోరు, నా నీళ్లు" అనుకుంటాం.

కానీ నేల కింద గట్లు లేవు. ఇసుక పొరలో నీరు ఒక చేను కింద నుంచి ఇంకో చేను కిందికి మెల్లగా కదులుతూ ఉంటుంది. ఒకే కొబ్బరి బొండంలో రెండు గొట్టాలు పెట్టి ఇద్దరు తాగుతున్నారనుకోండి. గట్టిగా పీల్చినవాడికి ఎక్కువ వస్తాయి. బొండం మాత్రం ఒకటే.

కాలువ చివరి భూములకు రెండో పంట వేళ నీరు సరిగా అందదు. బోరు ఉన్నవారు తోడుకుంటారు. లేనివారు పక్క రైతు దగ్గర కొనుక్కుంటారు. గంటకు ఇంత అనో, ఎకరానికి ఇంత అనో మాట్లాడుకుంటారు. కొన్ని చోట్ల పంటలో వంతు ఇస్తారు. ఈ బేరం ఎలా జరుగుతుందో చూడండి.

"బాబాయ్, మొక్కజొన్న వేద్దామనుకుంటున్నా. నీ బోరు నీళ్లు ఇస్తావా?"

"దానికేముందిరా అబ్బాయ్, పెట్టుకో."

"డబ్బులు ఎంతనుకుందాం?"

"మనలో మనకి లెక్కలేంట్రా! పంట వచ్చాక చూద్దాంలే."

ఇద్దరూ మంచివాళ్లే. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ మోటారు కాలిపోయింది. బాగు చేయించే ఖర్చు ఎవరిది? నాలుగు రోజుల తర్వాత మోటారు వచ్చింది. మొదటి తడి ఎవరి చేనుకి? ముందు అనుకోలేదు కాబట్టి ఎవరికి తోచింది వారు అన్నారు. అబ్బాయి చేను ఎండింది. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

"ఈ గొడవంతా ఎందుకు? అప్పు చేసి నా బోరు నేనే వేసుకుంటా" అంటాడు అబ్బాయి. మన ప్రాంతంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో వాన నీరు నేలలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. అక్కడ సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, ఆ మట్టం కింద ఇంకో 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. తోడి తోడి పైన ఒక అడుగు తగ్గించామా, కింద నుంచి ఉప్పునీరు 40 అడుగుల వరకు పైకి రాగలదు. సముద్రానికి దూరంగా ఉన్న మన డెల్టా ఊళ్లలో కూడా చాలా చోట్ల లోతు పొరల్లో ఉప్పునీరు ఉంది. కాబట్టి మన దగ్గర లోతుకు వెళితే మంచినీరు పెరుగుతుందని నమ్మకూడదు.

బాపట్ల, చీరాల ఇసుక భూముల వాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. వాళ్లు లోతు బావులు తవ్వలేదు. దొరువులు తవ్వారు. దొరువు అంటే లోతు తక్కువ గుంట. అందులో ఊరిన పై నీటిని కుండలతో ముంచి నారుమడులకు, కూరపాదులకు పోశారు. చాలా శ్రమ. తర్వాత బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దీన్ని మెరుగు చేసింది. చిల్లులున్న గొట్టాలను నేలలో అడ్డంగా పరిచి, అన్నిటినీ ఒక బావికి కలిపారు. పాల మీద మీగడ తీసినట్టు పైనున్న మంచినీరే బావిలోకి వస్తుంది. దాన్ని మోటారుతో తోడుకోవచ్చు.

ఇక రాయలసీమలో, తెలంగాణలో కింద రాయి. అక్కడి బాధ ఉప్పు కాదు, ఎండిన బోర్లు. ఒక రైతు 200 అడుగులు వేస్తే పక్క రైతు 300 వేస్తాడు. మొదటి బోరు ఎండుతుంది. ఇద్దరికీ అప్పు మిగులుతుంది. 2004 నుంచి రైతులకు కరెంటు ఉచితమైంది. అది మేలే. కానీ కరెంటు రాగానే దానంతటదే తిరిగే స్టార్టరు పెట్టి ఇంటికి పోతే, ఎన్ని నీళ్లు పోయాయో ఎవరు చూస్తారు?

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఏడు కరువు జిల్లాల్లో ఒక పని మొదలైంది. ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే వాన కొలిచారు. బోరులో నీటి మట్టం కొలిచారు. రబీ ముందు అందరూ కూర్చుని లెక్క వేశారు. నేలలో ఎంత నీరుంది? అనుకున్న పంటలకు ఎంత కావాలి? ఆ లెక్క గోడ మీద రాశారు. ఒకే వాగు పరిధిలోని ఊళ్లన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి. ఫలానా పంట వేయొద్దని ఎవరినీ ఆపలేదు. లెక్క చూశాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలు వేశారు.

అదే కాలంలో మహబూబ్‌నగర్ జిల్లా చెల్లాపూర్ వంటి ఊళ్లు ఇంకో అడుగు వేశాయి. ఉన్న బోర్లను పైపులతో కలిపారు. కొత్త బోర్లు వేయకూడదని ఒప్పుకున్నారు. బోరు లేనివారి వానాకాలపు పంట ఎండే వేళ తడి ఇచ్చారు. "బోరున్నవాడికి ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. అతని పక్కన ఇంకో బోరు పడదు. తన బోరు మూలపడినా పైపుల్లో మిగతా బోర్ల నీరు వస్తుంది. నా దృష్టిలో ఇది దానం కాదు, మంచి బేరం.

మన ఊళ్లో అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా బాబాయి, అబ్బాయి ఒక కాగితం రాసుకోవచ్చు. ఇలా ఉండవచ్చు:

"బోరు గల రైతు ........, నీరు తీసుకునే రైతు ........ కలిసి రాసుకున్న ఒప్పందం. ........ తేదీ నుంచి ........ తేదీ వరకు ........ ఎకరాల ........ పంటకు నీరు ఇవ్వాలి. గంటకు రూ. ........ చొప్పున, నెలకోసారి చెల్లించాలి. వారంలో ........ రోజులు నీరు తీసుకునే రైతు వంతు. కరెంటు పోయిన గంటలు వంతులో లెక్కకు రావు. మోటారు పాడైతే ఖర్చు ........ వంతున ఇద్దరూ భరించాలి. బాగయ్యాక, ఆగిన వంతు దగ్గర నుంచే మొదలుపెట్టాలి. నీటిలో ఉప్పు పెరిగితే ఇద్దరూ తోడకం తగ్గించాలి. ఒప్పందం ఉన్నంత కాలం ఇద్దరూ కొత్త బోరు వేయకూడదు."

ఉప్పు మాట నాలుకతో తేల్చకండి. నాలుకకు తెలిసేసరికి పైరు దెబ్బతిని ఉంటుంది. సీసాలో నీరు పట్టి భూసార పరీక్ష కేంద్రానికి పంపండి. ఒకసారి పంట ముందు, ఒకసారి మధ్యలో.

ఇంకో మాట. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఊరి మంచినీటి బావికి, బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు.

కాగితం రెండు ప్రతులు రాయండి. ఇంటి ఆడవారిని కూడా కూర్చోబెట్టుకోండి. నీటి వంతుకు అర్ధరాత్రి లేచి చేలో నిలబడేది చాలా ఇళ్లలో వాళ్లు కూడా. నీరు తీసుకునేవారే కాగితాన్ని పైకి చదవాలి. తెలియని మాట వస్తే అక్కడే ఆగి అడగాలి. అన్ని ఖాళీలూ నింపాక, మిగిలిన చోట అడ్డగీత కొట్టి, ఆ గీత కింద సంతకాలు పెట్టాలి.