నీటిని పైకెత్తు పని, దాని లెక్క
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతులకు

పట్టాదారులకు మనవి. చెఱువు క్రిందను, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ క్రిందను గల తరి భూములకు నీరు వాలున తనంతట పాఱి వచ్చును. బావి సేద్యమున నట్లు కాదు. ప్రతి చుక్కను క్రిందినుండి పైకెత్తవలెను. ఎద్దులెత్తినను, మోటారెత్తినను ఆ పనికి లెక్క యొక్కటియే. ఈ లెక్క నెఱిగిన రైతు మోటారు, గొట్టము, బోరు విషయమున మోసపోడు. అందుచే దానిని ఇట వివరించుచున్నాము.

1. బలము, పని
వస్తువును లాగునది గాని త్రోయునది గాని బలము. ఆ బలముచే వస్తువు కదలినపుడే పని జరిగినట్లు. బరువును, ఎత్తిన దూరమును గుణించిన పని తెలియును. ఒక కిలో బరువును ఒక మీటరు ఎత్తుట ఒక పాలు పని యనుకొందము. లీటరు నీటి బరువు ఒక కిలో. మోట బొక్కెనలో 150 లీటర్లు పట్టి, నీరు 10 మీటర్ల లోతున నున్నచో ఒక్క బొక్కెనకు పని 1,500 పాళ్లు. నీరు 20 మీటర్లకు దిగినచో అదే బొక్కెనకు 3,000 పాళ్లు.

2. మోట బాట ఏటవాలుగ నుండుట యేల?
మోటబావి గిలక బరువును తగ్గింపదు. లాగు దిక్కును మాత్రము మార్చును. ఎద్దులు పల్లమునకు నడచుచు లాగెడివి గనుక వాని యొడలి బరువు కూడ మోకును లాగుటకు తోడ్పడెడిది. అయినను ఇది ఊరక వచ్చిన లాభము కాదు. వెనుకకు వచ్చునపుడు ఎద్దులు తమ బరువును తామే మెరకకు ఎక్కించుకొనవలసియుండెను. దిగునపుడు పొందినది ఎక్కునపుడు తీర్చెడివి. శ్రమ యంతయు ఒక్కసారి మీద పడక, పోకకు రాకకు పంచబడుటయే ఇందలి నేర్పు. ఇరుసునకు ఆముదము పూయుట రాపిడిని తగ్గించుటకే. పెట్టినదానికంటె ఎక్కువ పని నిచ్చు యంత్రము లోకమున లేదు.

3. మోటారు లెక్క
సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లో ఏర్పడెను. కరెంటు పల్లెలకు చేరిన కొలది మోటలు మూలబడెను. సుమారు 75 కిలోల బరువును ఒక్క సెకండులో ఒక మీటరెత్తు వడిని ఒక హెచ్.పి. అందురు. హెచ్.పి. పని వడిని తెలుపును, నీటిని పుట్టింపదు.

నష్టమేమియు లేదనుకొన్నచో, ఒక యూనిట్ కరెంటు 10 మీటర్ల లోతునుండి సుమారు 36,700 లీటర్ల నెత్తును. 100 మీటర్ల లోతునుండి 3,670 లీటర్లనే యెత్తును. ఎకరము మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలుపుటకు సుమారు 2,02,000 లీటర్లు కావలెను. కావున ఆ ఒక్క తడికి మొదటి బావిలో అయిదున్నర యూనిట్లు, రెండవ దానిలో 55 యూనిట్లు పట్టును. పంపులోను గొట్టములోను పోవు నష్టము దీనికి అదనము.

4. నష్టము తగ్గించు విధము
(అ) గొట్టము వ్యాసము సగమైనచో, అంతే నీరు పాఱుటకు రాపిడి నష్టము సుమారు 32 రెట్లగును. సన్న గొట్టమునకు పెద్ద మోటారు బిగించుట వ్యర్థము.
(ఆ) అక్కఱలేని వంపులను తీసివేయుడు.
(ఇ) గొట్టపు మూతిని ఎత్తుగ నిలిపి నీటిని క్రిందికి దుముకనీయకుడు. ఆ యెత్తు పని దండుగ.
(ఈ) నీరు తగ్గిన బోరులో పెద్ద మోటారు దింపినచో నీటిమట్టము మఱింత వడిగ పడిపోవును.

5. ఉచితమను మాట
2018 జనవరి 1 నుండి తెలంగాణ ప్రభుత్వము సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు నిచ్చుట యారంభించెను. రైతునకు బిల్లు లేకున్నను పని తప్పలేదు. మన మోటారు తిరుగుటకు రామగుండము వంటి చోట్ల బొగ్గు మండవలెను. రాత్రియంతయు మోటారును విడిచినచో రైతు చెల్లించునది రూపాయలు కాదు, బావి లోతు. ఆ బాకీ పొరుగు రైతు బావి మీదను పడును.

కావున బావిగల ప్రతి రైతును ముడులు వేసిన త్రాటికి రాయి కట్టి, తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిదప నొకసారి నీటి లోతు కొలిచి వ్రాసికొనవలెను. చెఱువు పూడిక తీసి, వాననీటి నింకించి మట్టము నొక్క మీటరు పెంచినను, ఎకరము తడికి అర యూనిటుకు పైగా మిగులును. చదువ నేర్చినవారు దీనిని తక్కినవారికి చదివి వినిపింప గోరెదము.