రేకు వంచే పని: ఇంటి దగ్గరే చేసుకునే పద్ధతి
పీఎం విశ్వకర్మ లబ్ధిదారుల కోసం (కమ్మరి, రేకు పనివారు)

నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు ఉండే మీకు ఈ పాఠం. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వాన గొట్టాలు, తూములు, ట్రేల పని దానికి ముందే వస్తుంది. కొలత తప్పితే రేకు వృథా, లాభమూ పోతుంది.

1. కావలసినవి
వైస్, రెండు యాంగిల్ ముక్కలు, చెక్క సుత్తి, రేకుల కత్తెర, స్కేలు, మార్కింగ్ సూది. ఇనుప సుత్తితో కొడితే రేకు మీద గుంటలు పడతాయి.

2. తిన్నగా మడవడం
గీత గీసి, రేకును రెండు యాంగిళ్ల మధ్య బిగించండి. గీత యాంగిల్ అంచుకు సరిగ్గా రావాలి. ఒకేచోట గట్టిగా కొట్టకండి. ఒక చివర నుంచి రెండో చివర దాకా మెల్లగా, నాలుగైదు సార్లు కొట్టుకుంటూ పోండి. వదిలేస్తే రేకు కొంచెం వెనక్కి వస్తుంది, అందుకే 90 డిగ్రీల కంటే కాస్త ఎక్కువే వంచండి.

3. కొలత కిటుకు
100 మి.మీ. పట్టీ కోసి, మధ్యలో మడవండి. రెండు వైపులా బయటి కొలతలు కలపండి. 102 వచ్చిందనుకోండి, మడతకు 2 మి.మీ. తగ్గించాలన్నమాట. 1 మి.మీ. రేకుకు దాదాపు ఇంతే వస్తుంది. బయటి కొలత 300 వెడల్పు, రెండు వైపులా 40 ఎత్తు ఉండే ట్రేకు: 300+40+40=380. రెండు మడతలకు 4 తీసేస్తే 376 మి.మీ. కోయాలి.

4. గుండ్రంగా తిప్పడం
0.5 మి.మీ. రేకుతో, బయటి వ్యాసం 100 మి.మీ. గొట్టం కావాలంటే: 99.5 × 3.14 = దాదాపు 312. అతుకుకు 15 కలిపితే 327 మి.మీ. ముందు రెండు అంచులూ కొద్దిగా వంచండి, లేకపోతే అతుకు దగ్గర చదునుగా మిగిలిపోతుంది. తర్వాత కావలసిన దానికంటే సన్నని పైపు మీద చేత్తో నొక్కుతూ తిప్పండి.

5. జాగ్రత్త
● కోసిన అంచు కత్తిలా ఉంటుంది. ఆకురాయితో నునుపు చేయండి, గ్లౌజులు వేసుకోండి.
● జీఐ రేకును కాల్చకండి, మూసిన గదిలో వెల్డింగ్ చేయకండి. జింకు పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.
● ఉప్పు గాలికి గీత పడ్డచోటే తుప్పు మొదలవుతుంది. కోసిన అంచుకు, గీతలకు జింకు పెయింట్ వేయండి.

6. పథకంలో మీకు వచ్చేవి
2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. శిక్షణలో రోజుకు ₹500 భత్యం, పనిముట్లకు ₹15,000 ఈ-వోచర్, మొదటి విడత ₹1 లక్ష దాకా రుణం 5 శాతం వడ్డీతో, 18 నెలల్లో తీర్చేలా. సక్రమంగా కడితే రెండో విడతకు ₹2 లక్షల దాకా అర్హత వస్తుంది. కుటుంబంలో ఒకరికే. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

మొదటి రోజు ఒక్క పట్టీ మడిచి కొలిచి చూడండి. ఆ అంకె గోడ మీద రాసిపెట్టుకోండి. రేకు మందం మారితే మళ్లీ కొలవండి.