గేటు ముందు ఆగిన జీపు

అది 2024 సంక్రాంతి ముందు సంగతి. అన్న, చెల్లెలు జీపులో హైదరాబాదు నుంచి సూర్యాపేటకు పోతున్నారు. పంతంగి టోల్ గేటు వచ్చింది. ముందున్న బండ్లు ఒకదాని వెనుక ఒకటి కదిలిపోతున్నాయి. వీళ్ల వంతు వచ్చింది. గేటు లేవలేదు! వెనుక బస్సు ఆగింది. దాని వెనుక లారీ ఆగింది. ఒకటే హారన్లు.

"ఏమైందన్నా?"

"ఫాస్టాగుల పైసలు లేవంట చెల్లే. డబుల్ కట్టమంటున్నరు."

అన్న నోట్లు తీశాడు. చిల్లర, రసీదు అయ్యేదాకా వెనుక బండ్లన్నీ నిలబడే ఉన్నాయి.

ఫాస్టాగు ఎలా పని చేస్తుంది?

బండి ముందు అద్దానికి లోపలి వైపు ఒక చీటీ అంటిస్తారు. అదే ఫాస్టాగు. అందులో చిన్న చిప్పు, సన్నని తీగ ఉంటాయి. గేటు దగ్గర ఉన్న యంత్రం రేడియో తరంగాలతో దాని నంబరు చదువుతుంది. ఆ నంబరుకు కలిపిన ఖాతాలోంచి టోలు డబ్బు పోతుంది. గేటు లేస్తుంది.

జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర 2021 ఫిబ్రవరిలో దీన్ని తప్పనిసరి చేశారు. 2018-19లో గేటు దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేది. 2020-21లో అది 47 సెకన్లకు తగ్గిందని కేంద్ర ప్రభుత్వం చెప్పింది.

లెక్క చేద్దాం

ఒక వరుసలో బండికి ఒక నిమిషం పడుతుంది అనుకుందాం. గంటలో 60 బండ్లు దాటుతాయి. గంటకు 100 బండ్లు వస్తే 40 మిగిలిపోతాయి. బండికి 10 సెకన్లే పడితే గంటలో 360 దాటుతాయి. అప్పుడు ఒక్కటీ మిగలదు. కానీ పండుగ రోజు గంటకు 400 వస్తే? ఫాస్టాగు ఉన్నా 40 బండ్లు ఆగిపోతాయి. ఇక నడుమ ఒక్క బండి ఖాతా ఖాళీ అయినా వరుసంతా ఆగాల్సిందే.

ఇంటికి చేరాక చెల్లెలు అన్న ఫోను చూసింది.

"అన్నా, మెసేజి మొన్ననే వచ్చింది. 40 రూపాయలే ఉన్నయని చెప్పింది కదా!"

"నాకు చదువు రాదు కదా చెల్లే."

"నాకూ రాకుండె. మన ఊరి కేంద్రంల నేర్చుకున్న. ముందు అంకెలు నేర్చుకో. రేపటి నుంచి నువ్వూ రా."

అన్న సరేనన్నాడు.

ఆలోచించండి – చెప్పండి

1. జీపు ఎందుకు ఆగింది? దాని వల్ల ఎవరెవరికి ఇబ్బంది కలిగింది?
2. బండికి 20 సెకన్లు పడితే గంటలో ఎన్ని బండ్లు దాటుతాయి?
3. మీ ఫోనుకు వచ్చిన ఒక మెసేజిలోని అంకెలు చదివి, పలకపై రాయండి.