వలకు బరువు కావాలి, సీసం అక్కర్లేదు

చిరంజీవి రమేశ్‌ను దీవించి పెద్దబాపు రాయునది.

గాలానికి గుండ్లు పోద్దామని పాత ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చిపెట్టుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాన్ని పలగ్గొట్టక ముందే ఈ ఉత్తరం నీకు అందాలి. గుండు అంటే సీసమే అనుకునేవాళ్లు మానేరు డ్యాం గట్టున నీతోపాటు చాలామంది ఉన్నారు. వాళ్ల లెక్కలోనూ న్యాయం ఉంది కాబట్టి ముందు అదే చూడు.

సీసం ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు తూగుతుంది, ఇనుము 7.9 దాటదు. సీసం గోటితో గీరినా గీత పడేంత మెత్తన. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి, సీసానికి 327 చాలు, కట్టెల పొయ్యే సరిపోతుంది. ఈ సులువు ఇవాళ తెలిసింది కాదు. కోటిలింగాల, పెద్దబొంకూరు, ధూళికట్టల్లో ఆనవాళ్లు వదిలిన శాతవాహనులు రెండు వేల ఏళ్ల కిందటే సీసంతో నాణేలు వేశారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఉషేగాం, కేస్లాగూడ ఓజాలు మైనపు అచ్చులతో ఇత్తడి బొమ్మలు పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది తరాలుగా నేర్చిన విద్య. సీసానికి అంత విద్య అక్కర్లేదు, గరిటె, పొయ్యి ఉంటే ఎవరైనా పోస్తారు.

చిక్కంతా అక్కడే ఉంది.

కరిగిన సీసం మీద బూడిద రంగు తెట్టు కడుతుంది. తీసి పారేస్తుంటే అది సన్నటి పొడై చేతులకు, బట్టలకు, వాకిలికి అంటుతుంది. అచ్చులో నీటి తడి మిగిలితే ఒక్కసారిగా ఆవిరై, కాలే సీసం మొహాన చిమ్ముతుంది. బ్యాటరీ ఇంకా పాడు: లోపల గంధకామ్లం, పలకల నిండా సీసపు పొడి. ఆఫ్రికాలో సెనెగల్ రాజధాని డాకర్ పక్కన తియారోయ్ సుర్ మేర్ అనే బస్తీ ఉంది. అక్కడివాళ్లు పాత బ్యాటరీల మట్టి జల్లించి సీసం ఏరేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి మధ్య ఆ ఒక్క బస్తీలో 18 మంది పిల్లలు చనిపోయారు.

మీ ఇంట్లో నేల మీద పాకే పాప ఉంది. కడుపులోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. పెద్దల ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి అక్కడే ఉండి, గర్భిణికైతే తిరిగి రక్తంలోకి దిగి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. ఇంతవరకైతే భయం లేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంది. వాళ్లందరికీ అది గాలపు గుండ్ల వల్ల రాలేదు, నిజమే. అయినా మన వాకిట్లో మనమే ఇంకో దారి తెరవడం దేనికి?

నీళ్లలో తెగిపడ్డ గుండు కథ వేరు. కోడికి ఉన్నట్టే బాతుకూ కందనకాయ ఉంటుంది. గింజలు నలగడానికి బాతు చిన్న రాళ్లు మింగుతుంది, వాటితోపాటు సీసపు గుళికలూ పోతాయి. బ్రిటన్‌లో హంసలు అలాగే పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. థేమ్స్ నదిలో వాటి సంఖ్య బాగా పడిపోయాక, 1987 నుంచి 28.35 గ్రాముల దాకా ఉండే సీసపు గుండ్ల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు, మరీ సన్నటి గుళికలను మాత్రం వదిలేశారు. తరవాత హంసలు మళ్లీ పెరిగాయి. డెన్మార్క్ 2002లో ఇంకాస్త ముందుకు వెళ్లి సీసపు గుండ్ల దిగుమతి, అమ్మకం రెండూ ఆపేసింది. అక్కడ చేపలు పట్టడం ఆగిపోలేదు.

ఇక మన పని. నీట మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో అంత బరువు తగ్గుతుంది. 100 గ్రాముల సీసం నీళ్లలో 91 గ్రాములుగా పనిచేస్తుంది. అదే పనికి ఇనుము 105 గ్రాములు, గ్రానైట్ సుమారు 145, కాల్చిన మట్టి 180 గ్రాములు కావాలి. బరువు పెంచితే చాలదు, పరిమాణమూ చూడాలి. ఆ గ్రానైట్ ముక్క సీసపు గుండుకు ఆరింతలు ఉంటుంది, ప్రవాహం దాన్ని నెట్టుకుపోతుంది. అందుకే నిలకడ నీళ్లున్న చెరువుకు, కుంటకు రాయి. గోదావరి, కడెం లాంటి పారుడు నీళ్లకు ఇనుము.

రాయికి కరీంనగర్‌లో కరువా? క్వారీల దగ్గర గ్రానైట్ ముక్కలు ఊరికే పడి ఉంటాయి. మానేరులో గులకరాళ్లు ఉన్నాయి. పాత వల ముక్కలో రాయిని మూటగట్టి, మూతి బిగించి, గాలం దారానికి అంతకన్నా సన్నటి దారంతో వేలాడదీయాలి. రాళ్ల సందున ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది. గాలం, చేప రెండూ దక్కుతాయి, పోయేది రాయి ఒక్కటే.

ఇనుముకైతే ఇల్లు కట్టే చోట మిగిలిన సలాక ముక్కలు చాలు. 12 మిల్లీమీటర్ల సలాక మీటరుకు 888 గ్రాములు తూగుతుంది. అంటే పదకొండు సెంటీమీటర్ల ముక్క దాదాపు 100 గ్రాములు, అందులో సగం 50. కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేయాలి, లేకుంటే తంగూసు తెగుతుంది. తుప్పు పడుతుంది, పట్టనీ. నట్లు, వాషర్లు కూడా పనికొస్తాయి. టైర్ల షాపులో చక్రాలకు బిగించే బరువులు మాత్రం చూసి తీసుకో, వాటిలో సీసానివీ ఉంటాయి. అయస్కాంతానికి అతుక్కున్నదే తీసుకో. కొక్కెం అతకడానికి టంకం వాడొద్దు, అందులోనూ సీసం ఉండొచ్చు. జీఐ తీగ చుట్టు, చాలు.

నిలువుగా కట్టే తంగూసు వలకు మట్టి గుండ్లు మంచివి. కుమ్మరి చేత చేయించేటప్పుడు బెజ్జం తాడుకన్నా కాస్త పెద్దగా పెట్టించు, ఆరి కాలేసరికి మట్టి ముడుచుకుంటుంది. సిమెంటు, ఇసుక కలిపి పోసినా గుండ్లు వస్తాయి. వారం రోజులు నీళ్లలో నాననివ్వాలి, లేకపోతే రాలిపోతాయి.

విసురు వల దగ్గరే అసలు కష్టం. దాని అంచు గుండ్రంగా విచ్చుకుని, ఒక్కసారిగా అడుగుకు దిగాలి. రాళ్లు కడితే విచ్చుకోదు, మట్టి గుండ్లు ఒకదానికొకటి తగిలి పగులుతాయి. సన్నటి ఇనుప గొలుసును అంచు పొడవునా కుట్టడం అన్నిటికన్నా మేలు. పాత గుండ్లన్నీ విప్పి తూచు, అంతకు ఇరవయ్యో వంతు ఎక్కువ బరువున్న గొలుసు తీసుకో. విసిరే వాటం మారుతుంది, చేతికి అలవాటు కావాలి.

ఈలోగా చేయాల్సినవి ఉన్నాయి. బ్యాటరీని పలగ్గొట్టకుండా, కొత్త బ్యాటరీలు అమ్మే దుకాణంలో ఇచ్చెయ్, పాతదానికి ధర కడతారు. ఉన్న సీసపు గుండ్లన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి పాపకు అందనంత ఎత్తున పెట్టు. చిన్న గుళికలను పళ్లతో నొక్కే అలవాటుంటే ఇవాళే మానెయ్. వల ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే అన్నం. ఇదివరకు వాకిట్లో ఎప్పుడైనా సీసం కరిగించి ఉంటే పొడి చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవాలి. పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించే సంగతి డాక్టరును అడుగు.

గొలుసు ఎంత సన్నది కావాలో ఫోనులో తేలదు. దసరాకు వచ్చేటప్పుడు వల, విప్పిన గుండ్ల లెక్క రెండూ పట్టుకురా, ఇక్కడే తూచి కుడదాం.

ఇట్లు
మీ పెద్దబాపు